తెగని బంతి

ఆ రోజుల్లో మా ఆళ్ళగడ్డలో ఎవరైనా హోటల్లో భోంచేసి వచ్చారని తెలిస్తే, "ఏం, ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?" అని పరామర్శకు వచ్చేవాళ్ళు. ఇంట్లో పొయ్యి వెలుగుతుండగా మనిషి దుడ్లిచ్చి బయట అన్నం ఎందుకు తింటాడన్నది వాళ్ళ సందేహం. ఇప్పుడు మా వీధిలో ఆదివారం పూట ఎవరింట్లోనైనా పొయ్యి వెలిగితే అదీ వింత. ఎవరు ఎక్కడ ఏం తిన్నారో, పప్పు ఎలా ఉందో, పలావు ఎలా ఉందో ఫొటోలతో సహా చెప్పుకుంటారు. నేనూ నా వంతుకు నాలుగు మాటలు కలుపుతాను. కానీ "మీరు మొదటిసారి హోటల్లో ఎప్పుడు తిన్నారు?" అని ఎవరన్నా అడిగితే మాత్రం ఇప్పటికీ గుండె ఒకసారి జారుతుంది. ఎందుకంటే ఆ భోజనం మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలై సాయంత్రం నాలుగు దాటాక గాని ముగియలేదు.

డెబ్భైల చివర్లో మాట. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు. టైపు నేర్చుకుని పరీక్ష కూడా పాసయ్యాను. నంద్యాలలో ఒక చిన్న ఆఫీసు నుంచి టైపిస్టు పనికి ఇంటర్వ్యూకు రమ్మని కార్డు వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు హాజరు కావాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళ పేరు పిలవరు అని అందులో రాసి ఉంది. నాయన ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ఒక్క తూరికే పో అమ్మీ. ఇది రాకుంటే ఇంగ టైపు మిషను ఊసెత్తగూడదు. ఇంట్లో కూసోవల్ల" అన్నాడు. ఆయన మాట అంటే మాటే. అందుకని ఆ కార్డు నాకు కాగితంలా కనిపించలేదు, ఇంటి బయటికి తెరుచుకున్న ఒకే ఒక్క తలుపులా కనిపించింది. తోడుగా జేజిని పంపించాడు. జేజి అంటే నాయన తల్లి. మనిషి నాలుగడుగుల పైన ఒక బెత్తెడు ఉంటుంది, గొంతు మాత్రం అవుకు చెరువు ఈ గట్టు మీద పిలిస్తే ఆ గట్టు మీద పలికేంత.

హోటలుకు పోవాలన్న ఆలోచన మాకు కలలో కూడా లేదు. జేజి తెల్లవారకముందే లేచి చిత్రాన్నం కలిపి మూట కట్టింది. వేరేగా ఒక మూత డబ్బాలో శెనక్కాయల పొడి పెట్టింది. ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు వేసి ఆమె రోట్లో దంచిన పొడి మా వీధి వీధంతా ఎరుగుదురు. బస్సులో మా మూట పక్కనే ఎవరో కిరసనాయిలు డబ్బా పెట్టారు. శిరివెళ్ళ దాటేసరికి దాని మూత వదులై చిత్రాన్నమంతా కిరసనాయిలు కంపు. జేజి మూట విప్పి వాసన చూసి, ఆ డబ్బా మనిషిని బస్సు నంద్యాల చేరేదాకా తిట్టింది (పాపం ఆయన మధ్యలో ఏదో ఊళ్ళో తన ఊరు కాకపోయినా దిగిపోయాడని నా అనుమానం). మిగిలింది పొడి డబ్బా ఒక్కటే. ఖాళీ కడుపుతో ఇంటర్వ్యూకు పోతే కళ్ళు తిరుగుతాయని నేనే ధైర్యం చేసి బస్టాండు దగ్గర భోజనం హోటలుకు తీసుకుపోయాను. ఇప్పటికీ ఆ ధైర్యాన్ని తలుచుకుని లెంపలేసుకుంటూ ఉంటాను.

గుమ్మంలోనే మొదటి దెబ్బ తగిలింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హోటలాయన ముందే టోకెన్లు కొనమన్నాడు. "తినకముందే దుడ్లా? బాగలేకుంటే?" అని జేజి నోరు తెరిచింది. ఆడవాళ్ళకు వేరే గది ఉంది, తెర కట్టి ఉంటుంది, అక్కడ కూర్చోండి అని ఆయన మర్యాదగానే చెప్పాడు. "తెర సాటున తినేదానికి మేమేమన్నా దొంగతనం చేసినామా?" అని జేజి తిన్నగా పోయి హాల్లో పొడుగాటి బల్ల ముందు, పది మంది మగవాళ్ళ మధ్య కూర్చుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా కూర్చున్నాను. ఆకులు వేశారు, నీళ్ళు చల్లారు, అన్నం వచ్చింది. పన్నెండున్నర. ఒంటి గంటకు లేచినా ఆఫీసుకు నడిచిపోవడానికి బోలెడు టైముందని నేను లెక్క వేసుకున్నాను.

మాకు కుడిపక్కన సన్నగా, ఒళ్ళో గొడుగు పెట్టుకుని ఒకాయన తింటున్నాడు. మజ్జిగన్నం ముగించి, ఆకు మడిచి లేవబోయాడు. జేజి ఎడమచేత్తో ఆయన గొడుగు పట్టుకుంది.

"ఏందప్పా, మజ్జలో లేస్తాండావ్?"

"తినేసినా గదా అవ్వా" అన్నాడు ఆయన బిత్తరపోయి.

"నువ్వు తింటే అయిపాయనా? పక్కన ముసల్ది ఇప్పుడే చెయ్యి పెట్టిండాది. నువ్వు లేస్తే నాకు ముద్ద దిగుతాదా? ఏ ఊరప్పా మీది?"

"సంజామల."

"సంజామలలో బంతిలో కూసున్న్యాంక ఇట్లే లేస్తారా?"

నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇక్కడ బంతి సంగతి కొంచెం చెప్పాలి. మావైపు పెళ్ళిళ్ళలో, దినాల్లో వరసగా ఆకులు వేసి కూర్చున్నారంటే అది ఒక బంతి. ఆ బంతిలో చివరి మనిషి ముద్ద మింగేదాకా మొదటివాడు లేవకూడదు. లేచాడంటే తక్కినవాళ్ళను అన్నం మీద నుంచి లేపినట్టే. మా జేజి మరిది ఒకసారి ఏదో పెళ్ళిలో బస్సు తప్పిపోతుందని మధ్యలో లేచాడు. ఆయన పక్కన తింటున్న పెద్దమనిషి కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసి తానూ లేచాడు. ఆ రెండిళ్ళ మధ్య మాటలు మళ్ళీ కలవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఇదంతా చూసిన మనిషి మా జేజి. అందుకని ఆమెకది హోటలా, కళ్యాణ మంటపమా అన్న తేడా తోచలేదు.

విచిత్రం ఏమిటంటే గొడుగాయన కూర్చున్నాడు! సిగ్గుపడి, మడిచిన ఆకు మళ్ళీ విప్పుకుని మరీ కూర్చున్నాడు. ఆయనే కాదు, అక్కడున్న అందరూ పల్లెల నుంచి పనుల మీద వచ్చినవాళ్ళే. బంతి మర్యాద పుట్టుకతో తెలిసినవాళ్ళే. హోటలు కదా అని ఇన్నాళ్ళూ మరిచిపోయి ఉంటారు, అంతే. ఒక ముసలావిడ గుర్తు చేసేసరికి ఒక్కడికీ లేచే మొహం చెల్లలేదు. ఖాళీ ఆకు ముందు కూర్చున్న గొడుగాయనను చూసి జేజికి జాలేసింది. పొడి డబ్బా మూత తీసింది. బంతిలో పక్కవాళ్ళకు పెట్టకుండా ఏదీ నోట పెట్టుకోకూడదు కదా, అందుకని డబ్బా బల్ల చివరిదాకా పంపించింది. ఆ వాసనకు హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. గొడుగాయన రుచికని గరిటెడు వేడి అన్నం పెట్టించుకుని, పొడి కలిపి ఒక ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, "అన్నం తేప్పా!" అని కేక పెట్టాడు.

ఆ తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను కాబట్టి నమ్ముతున్నాను. మజ్జిగ దాకా వచ్చినవాళ్ళందరూ వెనక్కి మళ్ళి మొదటి అన్నానికి వచ్చారు. సాంబారు బకెట్టు పట్టుకున్నాయన ఎవరూ తనను పిలవకపోయేసరికి బకెట్టు కింద పెట్టి నిలబడిపోయాడు. ఈలోగా బల్ల చివర ఇద్దరు జేజి కంట పడకుండా జారుకున్నారు. ఆ చోట్లలో కొత్తవాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. జేజి మెడ సాచి చూసి, "పాపం, వాళ్ళిద్దరూ ఇప్పుడే కూసున్న్యారు. నిమ్మళంగా తినండప్పా" అంది. నాకు అప్పుడు వెలిగింది. ఇది తెగే బంతి కాదు. ఇక్కడ చివరివాడు అనేవాడు ఉండడు. హోటలు మూసేదాకా ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటూనే ఉంటారు. గోడ గడియారం ఒంటి గంటా ఇరవై చూపిస్తోంది.

"జేజీ, ఇది హోటలు, బంతి కాదు" అన్నాను చెవిలో.

"ఆకులు వరసగా ఏసినాంక బంతి కాక ఏందే?"

"రెండుకు ఆపీసులో ఉండల్ల జేజీ."

"ఆపీసు యాడికి పోతాది? నడిసి పోతాదా? పెరుగు ఏపిచ్చుకో."

హోటలాయన వచ్చాడు. మా కుర్చీల వెనక అప్పటికే పది పన్నెండు మంది టోకెన్లు పట్టుకుని, ఎవరు లేస్తారా అని కాచుకుని ఉన్నారు. "అవ్వా, తిన్నోళ్ళను లెయ్యనియ్యి. ఎనక జనం నిలబడినారు" అని బతిమాలాడు. జేజి వెనక్కి తిరిగి ఆ జనాన్ని అప్పుడే చూసింది. ఆమె మొహం చూడాలి! "ఆకలితో వచ్చినోళ్ళను నిలబెట్టి, తినేటోళ్ళ ముద్దలు లెక్కపెట్టిస్తాండావా? నీకు పాపం తగలదా నాయనా? కింద సాపలు ఎయ్, ఆడ ఇంగో బంతి కూసుంటాది" అంది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి, "అన్నం అయిపాయె! మళ్ళా ఎసరు పెడతాండా!" అని కేక వినబడింది. ఒంటిగంటన్నరకు తన హోటల్లో అన్నం అయిపోవడం అదే మొదటిసారి అయ్యుండాలి, ఆయన గల్లాపెట్టె దగ్గరికి పోయి రెండు చేతుల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

ఒంటి గంటా నలభై. నా ఆకులో పెరుగన్నం సగం ఉంది. జేజి వైపు చూశాను, గడియారం వైపు చూశాను. నాయన మాట చెవిలో మోగింది. లేచాను. చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది గాని, ఆ క్షణంలో హాలంతా తినడం ఆపి నన్నే చూస్తున్నట్టు నాకు అనిపించింది. గొడుగాయన ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపేశాడు. జేజి తిట్టలేదు. నన్ను, నా ఆకును మార్చి మార్చి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి కడిగీ కడగకుండా సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని పరుగెత్తాను. దారి పొడుగునా సొంత జేజిని అన్నం మీద నుంచి లేపాననే ఏడుస్తూ పోయాను.

రెండుకు రెండు నిమిషాలు ఉందనగా ఆఫీసు మెట్లెక్కాను. నా పేరు పిలిచారు. టైపు కొట్టమన్నారు. వేళ్ళకు ఇంకా పొడి జిడ్డు ఉంది, కాగితం మూలన ఎర్రటి మరక పడింది. ఆఫీసరు ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "తప్పులు లేవు గాని, ఈ వాసన ఏందమ్మా?" అన్నాడు. "శెనక్కాయల పొడి సార్" అన్నాను. "తినే వస్తివా?" అన్నాడు. "సగం తిన్నాను సార్" అన్నాను, కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఆయన కంగారుపడి, సోమవారం వచ్చి చేరమన్నాడు. ఏడుపు చూసి ఇచ్చాడో, టైపు చూసి ఇచ్చాడో ఇప్పటికీ నాకు తెలియదు.

నాలుగింటికి హోటలుకు తిరిగొచ్చాను. తలుపు ఓరగా వేసి ఉంది. జేజి బయట అరుగు మీద మూతి ముడుచుకుని కూర్చుని ఉంటుందనుకున్నాను. లేదు. లోపలికి తొంగి చూశాను. జేజి అదే బల్ల దగ్గర, అదే కుర్చీలో, ఎంగిలి ఎండిపోయిన చేత్తో ఆకు ముందు కూర్చుని ఉంది. ఆమె పక్కన వరసగా సాంబారు బకెట్టాయన, వంటాయన, ఆకులు తీసే ఆవిడ, చివరికి గల్లాపెట్టె ఆయన కూడా కూర్చుని అన్నం తింటున్నారు. ఈ చివర గొడుగాయన గొడుగు మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నాడు. జేజికి ఇవతల నా కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు నా ఆకు, ఇంకో ఆకు బోర్లించి పెట్టి ఉంది.

"నువ్వు లేస్తివి, బంతి తెగిపాయె. అందురూ లేసిపాయిరి" అంది జేజి, ఉన్న మాట చెబుతున్నట్టు.

"మరి నువ్వెందుకు లేయల్యా?"

"నీ పెరుగన్నం అట్లే ఉండాది గదా. నేను లేస్తే నువ్వొచ్చి ఒక్కదానివే తినల్ల."

"రెండు తూర్లు ఆకు తీయబోయినా, చెయ్యి పట్టుకునె" అన్నాడు బకెట్టాయన. "మీరు యాడ తింటారప్పా అనె. వంటింట్లో నిలబడుకోని అంటిమి. బిరీన రాండి, బంతిలో కూసోండి అనె." గల్లాపెట్టె ఆయన తల వంచుకుని పొడి కలుపుకుంటున్నాడు. మా మాటలకు లేచిన గొడుగాయన, "అవ్వ ఒక్కతే కూసునింది, ఎట్ల ఇడిసిపెట్టి పోయేది?" అన్నాడు. నంద్యాలకు ఆయన వచ్చిన పని ఏమిటో, అది ఏమైందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

కూర్చున్నాను. ఆకు ఎత్తి చూస్తే పెరుగన్నం పుల్లబడి, అంచులు ఎండిపోయి ఉంది. మెతుకు మిగల్చకుండా తిన్నాను. అంత రుచిగల అన్నం నేను మళ్ళీ ఎక్కడా తినలేదని ఒట్టేసి చెబుతాను. నేను ఆకు మడిచాక గాని జేజి ఆకు మడవలేదు. అప్పుడు గాని, "వచ్చెనా?" అని అడగలేదు. వచ్చిందన్నాను. "ఆఁ, రాకేం" అని మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఊళ్ళో నాలుగు నెలలు అందరికీ ఆ హోటలు సంగతే చెప్పింది. "అన్నం మంచిదే. సాంబారు నీళ్ళు. మనుసులు గూడా మంచోళ్ళే, పాపం చెప్పేటోళ్ళు లేరంతే."

ఆ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. జేజి పోయి చాలా ఏళ్ళయింది. పోయిన నెల పని మీద నంద్యాల పోయి, ఒక కొత్త హోటల్లో ఇడ్లీ తిన్నాను. ఎదురుగా ఎవరో పాతికేళ్ళ అబ్బాయి ఫోను చూసుకుంటూ దోసె ముక్క ముక్కగా తింటున్నాడు. నాదైపోయినా కూర్చునే ఉన్నాను. కాసేపటికి అతను ఇబ్బందిగా కదిలి, "ఏమన్నా కావల్లనా మేడమ్?" అన్నాడు. "ఏం వద్దు నాయనా, నిమ్మళంగా తిను" అన్నాను. పాపం భయపడి గబగబా మింగడం మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది, సగం ఆకు వదిలి పరుగెత్తిన ఇరవయ్యేళ్ళ పిల్ల కూడా గుర్తొచ్చింది. అతను చెయ్యి కడుక్కుని వెళ్ళేదాకా నేను లేవలేదు. ఇప్పుడు నాకు రెండు గంటలకు ఏ ఆఫీసూ లేదు.