మొదలు ఏ వైపు

చండ్రుగొండలో బోరు పైపులు దించే వజీర్, ఎనిమిదో తరగతిలో బడి మానేశావటగా అంటే ఒప్పుకోడు. బడే తనను తట్టుకోలేక మానుకుందంటాడు. అడవి అంచున బోరు వేస్తుంటే గోదావరి చేప ఎగిరి పడిందనీ, పులుసు పెట్టుకుని తిన్నామనీ చెబుతాడు. ఎన్ని అడుగుల లోతున అని అడిగితే, ముల్లు గుచ్చుకున్న వేలు చూపిస్తాడు. తంబాకు మానేసి పదేళ్లయిందని భార్య షాకేరాకు, ఊరందరికీ చెప్పుకున్నాడు. తెలియదు అన్న మాట మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ వేసవిలో నాగలత వచ్చింది. ఖమ్మంలో ఉండి పాత చెరువుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. అడవి పక్కన ఎండిన కుంటలో మనిషెత్తు పైపు దించి, లోపలి మట్టి చెదరకుండా తీయాలి. పొరకో కాలం. అడుగున తాతల నాటిది, పైన నిన్నటిది.

"గింతేనా మేడమ్? నిద్రల గూడ దించుత."

నిజంగానే బాగా దించాడు. పైపు బయటికొచ్చేసరికి మబ్బు కమ్మింది. సామాను సర్దుతూ నాగలత, "మొదలు ఏదో రాసి పెట్టండి భాయ్" అని కేకేసింది. ఆయన రెండు చివరలకూ మూతలు బిగించి, ఒక దాని మీద పెద్దక్షరాలతో 'మొదలు' అని రాశాడు.

పది రోజులకు ఫోన్ వచ్చింది.

"భాయ్, మొదలు అంటే ఏ మొదలు? చెట్టు మొదలులాగా అడుగా, కథ మొదలులాగా పైనా?"

వచ్చి చూస్త మేడమ్ అని వజీర్ ఫోన్ పెట్టేశాడు. మర్నాడు ఖమ్మం బస్సెక్కాడు.

నిలువునా చీల్చిన పైపు బల్ల మీద ఉంది. రెండు చివరలూ ఒకే నల్లమట్టి. 'మొదలు' మూతకు జానెడు దూరంలో ఇసుక పట్టీ.

"ఇసుక కట్ట తెగినప్పుడు కొట్టుకొచ్చేది. ఈ మూత అడుగు వైపైతే, ఎప్పుడో తెగితే మళ్లీ కట్టుకుని వందల ఏళ్లు కాపాడుకున్నారని అర్థం. పై వైపైతే నిన్న మొన్న తెగిందని. వానలకు కుంట నిండిపోయింది, ఇంకో పైపు దించే వీల్లేదు. మూడేళ్ల పని భాయ్."

చెట్టు మొదలే అని బల్ల గుద్ది చెప్పడం వజీర్‌కు క్షణం పని. కానీ మూడేళ్లన్న మాట విన్నాక ఆ పని చేయలేదు.

"నాకు తెల్వది మేడమ్. మీరు రాయమన్నరు, రాసిన. ఏ దిక్కో యాదికొస్తలేదు."

నాగలత రెండు చివరలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత చాకు తీసుకుని, ఏ రాతా లేని చివర నుంచి పల్చగా గీకడం మొదలుపెట్టింది. రెండు వేళ్ల లోతున ఏదో తళుక్కుమంది. తుడిచి చూస్తే తంబాకు పొట్లం ముక్క, ప్లాస్టిక్‌ది.

"తాతల కాలంలో ఇది లేదుగా" అంటూ ఆమె కుర్చీలో కూలబడి నవ్వింది. "ఇదే పై వైపు. మీరు రాసింది చెట్టు మొదలే భాయ్."

నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరంతా వదిలి వజీర్ గోడకు చేరగిలబడ్డాడు. గ్లాసుడు నీళ్లు తాగాడు. నీళ్లు దిగగానే పాత గొంతు తిరిగొచ్చింది.

"గా పొట్లం నేనే పెట్టిన మేడమ్. మీ అసుంటోళ్లు వస్తరని ఎరికై, రెండేండ్ల కిందనే పాతిపెట్టిన."

"తంబాకు మానేసి పదేళ్లయిందని ఊరందరికీ చెప్పారుగా?"

వజీర్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"పుస్తకంల ఏమన్న రాసుకోండ్రి గానీ, షాకేరాకు తెల్వనియ్యకండ్రి."