జెర్బిల్ ఇంటి పురుడు

తొంభైల మొదట్లో, వానాకాలంలో బడులు తెరిచిన నెలలో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక పాఠశాలకు నన్ను జీవశాస్త్రం పీజీటీగా బదిలీ చేశారు. పీజీటీ అంటే పదకొండు, పన్నెండు తరగతులకు పాఠం చెప్పే టీచరు. ప్రయోగశాల బాధ్యత కూడా ఆ హోదాదే. నాకు అప్పగించిన సామానులో మైక్రోస్కోపులతో పాటు ఒక జత జెర్బిల్స్ ఉన్నాయి. ఇవి తోక చివర కుచ్చు ఉండే ఎడారి ఎలుకలు, పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటారు. బదిలీ అయిన ఒక గార్డు కుటుంబం వాటిని బడికి ఇచ్చి వెళ్లింది. ప్రాణమున్న వాటికి వేరే పుస్తకం లేక మా గుమాస్తా వాటిని బల్లలూ కుర్చీలూ రాసే డెడ్ స్టాక్ రిజిస్టరులో ఎక్కించాడు.

వాటి ఆలనాపాలనా ల్యాబ్ అటెండెంటు పైడమ్మది. వాళ్ల పెద్దలు విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవారు. లోకో షెడ్డులో పనిచేసే భర్త పోయాక ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఖాయం చేసే కాగితం ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది.

పాత అక్వేరియం తొట్టిలో జానెడు మందాన రంపపుపొట్టు, ఎండుగడ్డి, పైన ఇనుప జాలీ. వానకు పొట్టు చెమ్మగిల్లితే అవి జబ్బు పడతాయని పైడమ్మ రోజూ చేత్తో తడిమి చూసేది. ఆగస్టులో ఆడది ఐదు పిల్లల్ని పెట్టింది. పైడమ్మ మగదాన్ని వేరే తొట్టిలోకి తీయబోతూ నన్నడిగింది.

"పురిటాల్ని మగోడి పక్కన ఉంచుతారేటండి మేడమ్? పదకొండో రోజు వెళ్లినాక కలిపేద్దుము."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. కుందేళ్ల గురించి ఎప్పుడో చదివింది గుర్తొచ్చి, అలాగే చెయ్యమన్నాను. నోటితో అన్నానే గానీ ఎక్కడా రాయలేదు.

పదకొండు రోజులు గడిచాక మగదాన్ని తిరిగి వదిలాం. ఆడది వాసన చూసి, పరాయిదనుకుని మీద పడింది. రెండూ ఉండలా చుట్టుకుపోయాయి. మగదాని తోకకు నెత్తురు కారుతుంటే పైడమ్మ ఆగలేక మధ్యలో చెయ్యి పెట్టింది. పంటి గాటుకు వేలు లోతుగా తెగింది. మగదాన్ని మళ్లీ వేరే తొట్టిలో పెట్టేశాం.

డ్యూటీలో గాయమైతే రైల్వే ఆసుపత్రిలో చూపించి ప్రిన్సిపాల్‌కు రిపోర్టు ఇవ్వాలి. జంతువులను ఎవరి ఆదేశంతో వేరు చేశారో రాసివ్వమని ఆయన మా ఇద్దరికీ మెమో ఇచ్చారు. అటెండెంటు సొంతంగా చేసిన పనైతే ఆమె కాగితం ఆపేస్తానని నాతో హిందీలో అన్నారు.

పైడమ్మ కట్టు కట్టిన వేలితోనే పొట్టు మారుస్తూ అంది.

"నా పేరే రాసీండి మేడమ్. మీ పెద్ద ఉద్యోగానికి మచ్చెందుకు?"

నిజం చెబుతాను, కలం పట్టుకుని చాలాసేపు తటపటాయించాను. నేను ఒక్క మాట మింగేస్తే నా రికార్డు శుభ్రంగా ఉండేది. అలా ఆలోచించినందుకు నా మీద నాకే సిగ్గేసింది. నా అనుమతితోనే వేరు చేశారని, సరిగా తెలుసుకోకుండా అనుమతించడం నా తప్పని రాసిచ్చాను. నా సర్వీసు రికార్డులో హెచ్చరిక ఎక్కింది. పైడమ్మ ఉద్యోగం ఖాయమైంది.

ఈలోగా రాయపూర్‌లో ఒక కళాశాల జంతుశాల చూసే ముసలాయన్ను వెళ్లి అడిగాను. జెర్బిల్స్‌లో తండ్రి కూడా పిల్లల్ని నాకి శుభ్రం చేస్తుందట, గూడు సర్దుతుందట. కొన్నాళ్లు వాసన తప్పితే చాలు, జత పరాయిదైపోతుందట. ఆయన చెప్పినట్టే తొట్టి మధ్యలో సన్నజాలీ బిగించి, రోజూ ఆ వైపు పొట్టు కొంత ఈ వైపుకూ ఈ వైపుది ఆ వైపుకూ మార్చాం. తొమ్మిదో రోజు రెండూ జాలీకి చెరోపక్క ఆనుకుని నిద్రపోయాయి. పైడమ్మ, తన భర్త షెడ్డులో వాడిన తోలు చేతితొడుగు వేసుకుని జాలీ తీసింది. మగది నేరుగా గూటికి వెళ్లి, అప్పుడే కళ్లు తెరిచిన పిల్లల్ని ఒక్కొక్కటిగా నాకింది.

"అచ్ఛా! ఇన్నాళ్లూ తండ్రిని గుమ్మం బైట కూకోబెట్టినాం," అంది పైడమ్మ.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. కింది ఉద్యోగి అడిగినప్పుడు మనకు తెలియకపోతే తెలియదని చెప్పాలి. సరే అంటే, ఆ మాట మన సంతకంతో కాగితం మీద ఉండాలి. నోటిమాటగా వదిలేస్తే దాని బరువు అడిగినవాళ్ల మీదే పడుతుంది.