ఐదు చింతపిక్కలు

నిన్న నందిగామ నుంచి వస్తూ కొన్న చింతపండు ప్యాకెట్టు విప్పితే నాకు తెలిసిన పాత వాసనే వచ్చింది గానీ, ఎంత వెతికినా అందులో ఒక్క పిక్క లేదు.

మా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో, సిమెంటు దుమ్ము పట్టిన వేపచెట్లకి ఎర్రటి చిగుళ్లు తొడిగే రోజుల్లో, వసారా నిండా చింతపండు పోసుకుని నాయనమ్మ చిన్న సుత్తితో కొడుతూ కూర్చునేది. ఆ పులుపు వాసనకి నోట్లో నీళ్లూరుతుంటే పండు జాడీలోకి, ఈనెలు చేటలోకి, నున్నటి పిక్కలు మాత్రం కడిగి ఆరబెట్టాక వామనగుంటల పీట పక్కనున్న డబ్బాలోకి పోయేవి. ఆ ఆటలో ఆవిడని ఓడించినవాళ్లని నేను చూడలేదు. ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో వేలు పెట్టకుండానే చెప్పేది, తొండి చేస్తే చేతి మీద ఒక్కటిచ్చేది.

ఇంటర్ మొదటి ఏడాది బస్సులో నందిగామ కాలేజీకి వెళ్లొచ్చేదాన్ని. ల్యాబులో పర్మాంగనేటు వంగపండు రంగు చూసి మురిసిపోయి, వేళ్లకంటిన మరకని కూడా అందరికీ చూపించుకున్నదాన్ని. తీరా ఆక్సీకరణ, క్షయకరణ సమీకరణాలు తుల్యం చేయమనేసరికి చుక్కలు కనిపించాయి. క్వార్టర్లీలో, హాఫ్ ఇయర్లీలో కెమిస్ట్రీ రెండుసార్లూ తప్పాను. "ఈసారీ తప్పావంటే వచ్చే ఏడు సైన్సు లేదు, సీఈసీలో చేరు," అన్నారు నాన్న. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

పరీక్ష ముందు ఆదివారం ఒకే సమీకరణం పదిసార్లు కొట్టేసి ఏడుస్తూ కూర్చున్నాను.

"ఏందే, దేనికా ఏడుపు?" అంది నాయనమ్మ.

ఇనుము ఒక్క ఎలక్ట్రాన్ ఇస్తుందనీ, మాంగనీసుకి ఐదు కావాలనీ, రెండిటినీ ఒక్కొక్కటే రాస్తే పరమాణువులు సరిపోతున్నా ఛార్జి కలవడం లేదనీ చెప్పాను. ఆవిడకి అందులో అర్థమైనవి ఇవ్వడం, తీసుకోవడం, ఆ రెండే. పీట నా ముందుకి జరిపింది.

"పిక్కలెక్కడికి పోతాయే? వాడికి ఐదు కావాలి, వీడి దగ్గర ఒకటే ఉంది. ఇంకో నలుగుర్ని పిలువు."

ఐదు గుంటల్లోంచి తలా ఒకటి తీసి ఒకే గుంటలో వేశాను. తర్వాత పుస్తకం తీస్తే అప్పటిదాకా కలవని ఛార్జి దానంతటదే దారికొచ్చింది.

పాసయ్యాను. "ఎవరు చెప్పారే ఇంత బాగా?" అని నాన్న అడిగితే, చింతపిక్కలతో నేర్చుకున్నానంటే నవ్వుతారని, "ట్యూషన్ మాస్టారు," అనేశాను. నాయనమ్మ పక్కనే ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. మధ్యాహ్నం నాకు అన్నం వడ్డిస్తూ మాత్రం, "ఐదుగురూ ఇచ్చారా?" అని అడిగింది. ఇచ్చారన్నాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు నందిగామలోనే కెమిస్ట్రీ చెబుతున్నాను. నాయనమ్మ పోయింది, పీటని చెదలు తినేశాయి, నా విద్యార్థులకి వామనగుంటలు ఫోన్లో ఆట. ఇవాళ మళ్లీ కొట్టుకి వెళ్లి పిక్కలున్న చింతపండు ఉందా అని అడిగితే కొట్టతను వింతగా చూసి, "అదెవరు కొంటున్నారండీ ఇప్పుడు?" అన్నాడు.

రేపు క్లాసులో ఆ సమీకరణమే. బోర్డు మీద ఐదు సున్నాలు చుట్టి చెబుతాను. ఇన్నేళ్లలో ఇది నీకెవరు నేర్పారని నన్ను మళ్లీ ఎవరూ అడగలేదు. రేపు అడక్కపోయినా చెబుతాను.