కాలవగట్టున తెల్లపూలు

గుంటూరు వైపు నుంచి రాయచూరు జిల్లా బాళగనూరుకు వలస వచ్చిన యలమందయ్య భార్య శివపార్వతి. డెబ్బై రెండులో తుంగభద్ర కాలవగట్టంతా ఒక కొత్త మొక్క కమ్ముకుంది. ఆకులు చామంతివిలాంటివి, పూలు నూకల్లాంటి తెల్లవి. జనం కాంగ్రెస్ గడ్డి అన్నారు. వరిచేలోకి దిగకుండా శివపార్వతే దాన్ని వట్టి చేతులతో పీకి పారేసేది.

పంట ఈనేసరికి ఆమె కనురెప్పలు వాచాయి. మొహం, మెడ నల్లబడి దళసరెక్కాయి. కూలీలు ఆమె అందించిన నీళ్లు తాగడం మానేశారు. కుష్ఠు అని ఎవరూ ఎదుట అనలేదు. పుట్టింటి ఊళ్లో ఆ జబ్బు మనిషికి పశువులపాకలో కర్రతో అన్నం తోసేవాళ్లు. అదే కళ్ల ముందు ఆడింది. పాలు తాగే కూతుర్ని అత్తకిచ్చి తాను వంటపాకలోకి మారింది. పసిది ఏడిస్తే రొమ్ములు సలిపేవి. అయినా గడప దాటేది కాదు.

పక్కింటి హంపమ్మ, ఆ ఊరి మనిషి, నేరుగా పాకలోకే వచ్చి కూర్చుంది.

"గిట్ల దాసుకుంటే ఏమైతది? మాన్విల డాక్టరున్నడు, పోదాం పా."

"ఆయన కూడా అదేనంటే ఏం చెయ్యనక్కా?"

"అప్పుడు సూద్దం. నేనొస్త."

మాన్విలో డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమని చెంప మీద సూదితో గుచ్చాడు. శివపార్వతి ఉలిక్కిపడింది.

"నొప్పి తెలిసిందా?"

"తెలిసిందండి."

ముంజేతి మీదా తెలిసింది. కాలవగట్టున గడ్డి పీకిన సంగతి హంపమ్మ చెప్పింది.

"స్పర్శ ఉంది. దురదా ఉంది. ఇది కుష్ఠు కాదమ్మా. ఆ గడ్డి మీకు పడలేదు. దాని గాలి సోకినా ఈ వాపు మళ్లీ లేస్తుంది."

బస్సులో దారి పొడుగునా ఆమె తన చేతిని తానే గిల్లుకుంటూ కూర్చుంది. ఇంటికి రాగానే బిడ్డను గుండెకు హత్తుకుని పాలిచ్చింది.

యలమందయ్య గట్టు మీది గడ్డి కోసి తగలబెట్టాడు. ఆ పొగకు ఆమె కళ్లు రెండురోజులు తెరుచుకోలేదు. వానలు పడగానే గడ్డి మరింత ఒత్తుగా లేచింది. చివరికి మాన్విలో గది తీసుకుని ఆమెనూ బిడ్డనూ అక్కడ ఉంచాడు. మొహం కాస్త తేటపడింది. కానీ ఈదురుగాలి వీస్తే చాలు, ఆమె తలుపులు బిగించి కూర్చునేది.

ఒకసారి హంపమ్మ చూడ్డానికి వచ్చింది.

"గట్టు మీద ఇంకా ఉందా అక్కా?"

హంపమ్మ వెనక కిటికీలోంచి తొంగి చూసింది.

"నీ గది ఎనక కూడ మొలిసింది, సూసినవా?" అంది.