గురువు పేరు పెట్టిన తత్వం

రాచర్ల దగ్గరి పల్లెలో ఓబులేసు పగలు కూలికి పోయేవాడు, పొద్దుగూకితే తత్వాలు పాడేవాడు. గురువు మాలకొండయ్య జీవసమాధి అయ్యాక ఆ సంగతి మీదే ఒక తత్వం కట్టాడు. గురువు గుంతలోకి దిగడం, శిష్యులు మన్ను పోయడం అన్నీ అందులో ఉన్నాయి. చివర మాత్రం ‘మాలకొండయ్య చెప్పిన మాట’ అని వస్తుంది. గురువు చూపిన దారిలో కట్టిన పాటకు గురువు పేరే పెట్టడం వాళ్ల ఆచారం. సొంత పేరు పెట్టుకుంటే అహంకారం.

కొడుకు నతానియేలు మిషను బడిలో చదివి, బాప్తిస్మం తీసుకుని, 1930లో బోధకుడయ్యాడు. ఆ కొత్తలో ఒక భజనలో లేచి తండ్రిని నిలదీశాడు.

“చచ్చిపోయినోడు తన మీద మన్ను పోసిన సంగతి ఎట్ల చెప్పినాడు నాయనా? కట్టింది నువ్వు, పేరు ఆయనది. దొంగ పత్రం గాదా ఇది?”

కుర్రకారు నవ్వారు. ఓబులేసు తంబుర పక్కన పెట్టాడు. ఆ తత్వం మళ్లీ ఎవరడిగినా పాడలేదు.

మరుసటి ఏడు గిద్దలూరు సంతలో నతానియేలు బోధిస్తున్నాడు. బాప్తిస్మానికి సిద్ధమైన కుటుంబాలు ముందు వరసలో కూర్చున్నాయి. బైబిలు మొదట్లో ఉన్న ధర్మశాస్త్రం ఐదు కాండాలూ మోషే తన చేత్తో రాసినవేనని చెప్పాడు. మద్రాసు పత్రికలు తెప్పించుకుని చదివే వడ్రంగి బ్రహ్మం జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

“ఏమయ్యా బోధకుడా, ఐదో కాండం కడాన మోషే చచ్చిపోయినాడని ఉందా లేదా?”

“ఉంది మామా.”

“పాతిపెట్టిన చోటు ఇప్పటికీ ఎవరికీ తెలీదనీ ఉందంట గదా. ఆ ఇప్పటికీ అంటే ఎప్పటికి? ఎన్నో తరాలు పోయినాక ఎవరో రాసిందని దొరల పండితులే అంటాండారు. చచ్చిపోయినోడు ఎట్ల రాసినాడు? ఈ మాట నాది గాదబ్బా. మీ నాయన భజనలో నువ్వే అన్నావు. నేనాడ్నే ఉన్నా.”

సంత గొల్లుమంది. ముందు వరసలో వాళ్లు నవ్వలేదు, బోధకుడి మొహం చూస్తున్నారు. ఇప్పుడు జవాబు రాకపోతే వాళ్లు లేచిపోతారు.

“ఆ కడ మాటలు శిష్యుడు యెహోషువ రాసుండొచ్చు. ఆ తర్వాతోళ్లు సర్దుండొచ్చు. గురువు పేరు మీద శిష్యుడు ముగిస్తే దొంగతనం గాదు మామా, భక్తి. మన దిక్కున తత్వాలు కట్టేటోళ్లు...”

“ఆగినావేంది? చెప్పు.”

“వాళ్ల ఆచారమూ అదే.”

“అట్ల చెప్పు మరి,” అంటూ బ్రహ్మం కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ముందు వరస కదల్లేదు. నతానియేలు మిగిలిన బోధంతా తల దించుకునే చెప్పాడు.

సంగతి ఇంటికి ముందే చేరింది. భార్య లీదియా అన్నం పెడుతూ, “మోషేకిచ్చిన మర్యాద మీ నాయనకియ్యలేకపోతివే,” అంది. అతను చెయ్యి కడుక్కుని పల్లెకు నడిచాడు.

“నాయనా, ఆ తత్వం ఒకసారి పాడు.”

“ఏంరా, ఇంకా ఏమన్నా తప్పు మిగిలిందా?” అన్నాడు ఓబులేసు, తాడు పేనుతూనే.

“తప్పు నాది. అందరి ముందర అంటి, అందరి ముందరే ఒప్పుకుంటా.”

తర్వాతి భజనలో లేచి ఒప్పుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఓబులేసు తంబుర అందుకుని పాడాడు. చివర గురువు పేరు రావలసిన చోట గొంతు ఆగింది. తంబుర ఒక్కటే మోగింది.

“పేరు పెట్టు నాయనా.”

“నోటికి రాలేదురా. నువ్వన్న మాట అడ్డమొస్తాంది,” అన్నాడు ఓబులేసు, కొడుక్కి మాత్రమే వినబడేట్టు.

బతికినన్నాళ్లూ అట్లాగే పాడాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు కూడా అక్కడ ఆగుతారు. ఆ ఆగడం కూడా మాలకొండయ్య పెట్టిందేనని వాళ్ల నమ్మకం. కాదని చెప్పగలిగినవాడు నతానియేలు ఒక్కడే. ఆ చోటు రాగానే అతను లేచి బయటికి వెళ్లేవాడు.