బల్లమీద ఇసుక

రిమేదియా దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. అంగట్లో ఆర్టిచోకు మొగ్గ కొంటే ఆకులు విప్పి లోపలి మెత్తటి భాగందాకా చూసేది. కుట్టుపనికి వచ్చిన పిల్ల "అయిపోయింది" అంటే గుడ్డ తిరగేసి ముడులు చూసేది.

"మా పిన్ని స్వర్గానికెళ్ళినా తలుపు కీళ్ళు ఊపి చూశాకే లోపలికెళ్తుంది" అని అక్క కూతురు అసుంత నవ్వేది.

ఆ గుణమే ఒరిస్తానో ఊళ్ళో ఆమెను పెద్ద మసాయాను చేసింది. కార్నివాల్ పండగ ఆదివారం గుర్రమెక్కి, పరుగులో పైన వేలాడే రేకు నక్షత్రాన్ని కత్తితో గుచ్చే నాయకుడికి బట్టలు తొడిగి, ముఖానికి కొయ్య ముసుగు కట్టి, మళ్ళీ విప్పే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. ముసుగు పడ్డాక అతను ఆడా కాదు, మగా కాదు. అది తీసేదాకా నేలను తాకకూడదు. బల్లమీంచి గుర్రంమీదికి, గుర్రంమీంచి బల్లమీదికి. కాలు దించాడా, ఆ ఏడు చేలు పండవు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతిలో ఏ తప్పూ జరగలేదు.

ఆ ఏడు నాయకుడు ప్రియామో. నక్షత్రాన్ని మొదటి పరుగులోనే గుచ్చాడు. ఊరంతా గొంతులు పోయేలా అరిచింది. పొద్దు వాలుతుండగా డప్పుల మధ్య అతని గుర్రం బట్టలు మార్చే గదిలోకి వచ్చి బల్లను ఆనుకుని నిలబడింది.

అతను కాలు తిప్పి బల్లమీదికి దిగేటప్పుడు, అక్కడే నిలబడి ఉన్న రిమేదియా అతని ఎడమ బూటు అడుగు చూసింది. తడి ఇసుక. డెక్కలు ఎగజిమ్మిన ఇసుకైతే బూటు పైన చిందుతుంది. ఇది మడమ నుంచి వేళ్ళదాకా అదిమినట్టుంది. బల్లమీద పరిచిన తెల్లటి గుడ్డమీద సగం అడుగు అచ్చు పడింది.

ఆమె వెంటనే ఆ అచ్చుమీద నిలబడింది. ఎవరైనా చూశారా? డప్పు కొట్టేవాడా? అసుంతా? అతని పక్కన స్వారీ చేసిన ఇద్దరూ గోడవైపు ఎందుకు చూస్తున్నారు?

టోపీ తీస్తూ అతని చెవిలో అడిగింది. "కాలు దించావా?"

ముసుగు గుర్రం వైపు తిరిగింది.

అబద్ధం తయారు చేసుకుంటున్నాడనుకుంది. ఈ ముసుగు కోసం వాళ్ళ నాన్న చచ్చేదాకా ఎదురుచూశాడు. కొడుకు ఒప్పుకుంటాడా? గుర్రంమీద నెపం వేస్తాడు, లేదా వాన మీద. మేలిముసుగు తీసింది. రిబ్బన్ల కుట్లు ఒక్కొక్కటే విప్పింది. చివరికి ముసుగూ తీసింది. చెమటతో తడిసిన ముఖం, కుర్రవాడి ముఖం.

"దించాను, పిన్నీ" అన్నాడు పెదవులు కదలనంత మెల్లగా. "సందు మలుపులో తడి ఇసుకమీద గుర్రం మోకాళ్ళమీద పడింది. నేను నేలకు కాలు ఆనించకపోతే దాని కాలు విరిగేది. చెప్పెయ్. దాచమని అడగను."

అబద్ధమైతే అక్కడికక్కడే బయటపెట్టేది. ఆమె ముసుగును పక్కన పెట్టి, అచ్చుమీద పాదం ఇంకా గట్టిగా ఆనించింది.

కిందనుంచి పండగ జరిపే సంఘం పెద్ద బాకీసియో మెడ చాచాడు. "ఏమమ్మా రిమేదియా, గుడ్డమీద అదేంటి? ఇసుకా?"

డప్పులు ఆగాయి. ఆమె కాలితో అచ్చును అటూ ఇటూ రుద్దింది.

"నాదే. నక్షత్రం చూద్దామని బరిలోకి దిగాను. ఆ చెప్పులతోనే బల్లెక్కాను."

"నువ్వా! ఇరవై ఆరేళ్ళల్లో ఒక్కసారీ గది దాటని దానివి!"

"ఈసారి బుద్ధి పుట్టింది."

"నీ పాదం మరీ అంత పెరిగిందా?"

అందరూ నవ్వారు. బాకీసియో మాత్రం నవ్వలేదు. ఆమె వంక చూశాడు, ప్రియామో బూట్ల వంక చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. రోజూ అంగట్లో తను చూసే చూపే అది. అతను ఇంకేమీ అడగకుండా వైన్ తెమ్మన్నాడు.

ఆ వసంతంలో ఆమె రోజూ ఊరి బయటికి నడిచి గోధుమ చేల గట్లమీద నిలబడేది. కంకి విరిచి చూసేది, గింజ కొరికి చూసేది. పంట మామూలుగానే వచ్చింది, గొప్పగా కాదు, చెడ్డగా కాదు. దాన్నిబట్టి ఏదీ తేల్చుకోలేకపోయింది.

మరుసటి ఏడు పండగకు ముందు అసుంత వచ్చి, కూర్చోకుండానే చెప్పింది. "పిన్నీ, ఈసారి ముసుగు సంఘంవాళ్ళు నన్ను కట్టమన్నారు. నిన్ను చొక్కా రిబ్బన్లు చూడమన్నారు."

"ఎందుకట?"

"బల్లెక్కే మనిషి చెప్పులు చూసుకోవాలట."

రిమేదియా సూది అందుకుంది. "ఆ చొక్కా ఇటివ్వు. చంకలో కుట్టు వంకరగా ఉన్నట్టుంది."