నీలం అంటిన వేలు

సైన్సు మ్యూజియంలో గాజు తొట్టె దగ్గర నిలబడే గైడుకి చూపుడువేలు ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. రోజూ గొంతు సవరించుకుని, నీలిరంగు కలిపిన చల్లటి ఉప్పునీళ్ళు ఒక మూల వదులుతాడు. అవి బరువుగా దిగి, అడుగునే పాకుతూ అవతలి మూలకు చేరతాయి. "సముద్రం అడుగున ప్రవాహం ఇలాగే నడుస్తుందండీ. మన వానలూ చలీ వేళకి రావడం కొంతవరకు దీని చలవే" అంటాడు. తర్వాత, ధ్రువాల దగ్గర మంచు కరిగినట్టుగా, పైనుంచి మంచినీళ్ళు పోస్తాడు. ఉప్పు పలచబడి నీలం దిగడం మానేస్తుంది. ఇక కాలాలు తప్పుతాయేమోనని చూసేవాళ్ళ ముఖాలు వాడిపోతాయి. ఆ ముఖాలు చూడలేక, తొట్టె ముందున్న వివరాల బోర్డు చాటున ఉన్న మూలలో వేలు ముంచి నీళ్ళు కదుపుతాడు. నీలం మళ్ళీ సాగుతుంది, చప్పట్లు మోగుతాయి.

ఇవాళ ఒక పెద్దావిడ నిండు గర్భిణి అయిన కోడలితో వచ్చింది. నీలం కదలగానే, "చూశావా, దానంతటదే సర్దుకుంది! పుట్టబోయే బిడ్డకి ఏ కాలం వస్తుందోనని ఊరికే బెంగపడుతున్నావు" అంది.

కోడలు గైడు వైపు తిరిగింది. "నిజంగా దానంతటదే కదులుతుందా అండీ?"

అతను చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "అవునమ్మా."

"ఇప్పటికి మనసు కుదుటపడింది, అన్నయ్యగారూ" అందామె.

అతనికి తల కొట్టేసినట్టయింది. జేబులో వేలు ఇంకా తడిగానే ఉంది.